పరాయి కంప్యూటర్‌లో కాస్త చోటు

షాలోమి తండ్రి సలోమోను సొంత తోట లేని మామిడి రైతు. ఆగిరిపల్లి చుట్టుపక్కల అలాంటివాళ్ళు చాలామందే ఉన్నారు. చెట్టు ఒకరిది, ఆ ఏటి కాపు ఇంకొకరిది. పూత నిలిచి పిందె కనబడగానే ఆసామితో మాట్లాడుకుని తోటను కౌలుకు తీసుకోవడం, చివరి కాయ కోసేదాకా అక్కడే కావలి పాకలో కాపురం ఉండడం, కోత ముగిశాక గిన్నెలూ మంచాలూ ట్రాక్టరుకెత్తి ఊళ్ళోని ఇంటికి తిరిగి రావడం ఆయన బతుకు. ఆయన భార్య రిబ్కమ్మదీ అదే బతుకు. ఒక్కగానొక్క కూతురు కావడంతో షాలోమి బాల్యంలో సగం తోటల్లోనే గడిచింది. ఆకును నలిపి వాసన చూసి ఇది రసం, ఇది బంగినపల్లి అని చెప్పడం ఆమెకు అక్షరాలకంటే ముందే వచ్చింది.

అక్షరాలూ బాగానే వచ్చాయి. నూజివీడులో కంప్యూటర్స్ తీసుకుని డిగ్రీ పూర్తిచేసింది. కాలేజీ ల్యాబ్‌లో ఒక్కో కంప్యూటర్ ముందు ఇద్దరు ముగ్గురు కూర్చునేవారు. కీబోర్డు ఎవరి చేతికి అందితే ఆ రోజు ప్రాక్టికల్ వాళ్ళది. షాలోమికి అందడం తక్కువ. దాంతో పక్కవాళ్ళు టైపు చేస్తుంటే చూస్తూ, తప్పు ఎక్కడ పడిందో వాళ్ళకంటే ముందే పట్టుకోవడం అలవాటు చేసుకుంది. డిగ్రీ పట్టా చేతికొచ్చాక కూడా సొంత కంప్యూటర్ అన్నది ఆ ఇంటికి దూరపు మాటగానే ఉండిపోయింది.

దగ్గరగా ఉన్న కంప్యూటర్ దుర్గాప్రసాద్ గారి షెడ్డులో ఉంది. రోడ్డు పక్క రేకుల షెడ్డు అది. సీజన్‌లో రైతులు తెచ్చిన కాయను అక్కడ గ్రేడు చేయించి, గడ్డి పరిచిన లారీల్లో దూరపు మార్కెట్లకు పంపుతారు. సలోమోను ఏటా కౌలుకు తీసుకునే తోట కూడా దుర్గాప్రసాద్ గారిదే. డిగ్రీ అయిన ఏడాది నుంచి షాలోమి సీజన్‌లో ఆ షెడ్డు ఆఫీసు గదిలో కూర్చుని కాటా తూకాలు కంప్యూటర్‌లో ఎక్కించేది. సీజన్ ముగిస్తే ఆ కంప్యూటర్ మీద పాత తువ్వాలు ఒకటి కప్పేసేవారు. వచ్చే వేసవి దాకా దానికి పనిలేదు.

ఒక ఏడాది చివరి లారీ వెళ్ళిపోయాక దుర్గాప్రసాద్ గారు గది తాళంచెవి ఆమె చేతిలో పెట్టారు.

“ఊరికే పడుంటుంది కదమ్మాయ్. నీ చదువు కూడా అదేగా. వచ్చి చూసుకుంటూ ఉండు.”

ఆయన ఆ మాట ఎంత తేలిగ్గా అన్నారో, షాలోమి దాన్ని అంత బరువుగా తీసుకుంది. రోజూ వచ్చేది. గది ఊడ్చేది. తువ్వాలు మడిచి పక్కన పెట్టేది. దుర్గాప్రసాద్ గారు కూర్చునే మెత్తటి కుర్చీని గోడవైపు జరిపి, తనకోసం ప్లాస్టిక్ కుర్చీ ఒకటి తెచ్చుకునేది. సాయంత్రం అన్నీ మళ్ళీ ఎక్కడివక్కడ పెట్టి తాళం వేసేది. ఆ గదిలోకి మర్నాడు ఎవరు వచ్చినా, అక్కడ ఎవరో కూర్చుని వెళ్ళినట్టు ఆనవాలు దొరికేది కాదు.

అలా నేర్చుకుంటూ ఉండగా, విజయవాడలో ఒక చిన్న కంపెనీ ఇంటి దగ్గరినుంచే పనిచేసేవాళ్ళ కోసం చూస్తోందని తెలిసి దరఖాస్తు పెట్టింది. బడులకు, ఆసుపత్రులకు ఫోన్‌లో నడిచే యాప్‌లు తయారుచేసే కంపెనీ అది. అక్కడ టీము చూసే శకుంతల ఆమెతో ఫోన్‌లో మాట్లాడి ఒక పరీక్ష పెట్టింది. బడి వ్యాను ఏ స్టాపు దాటిందో తల్లిదండ్రులకు చూపించే యాప్ ఒకటి రాయాలి. రాసినదాన్ని వీడియో కాల్‌లో తన కళ్ళముందు నడిపించాలి. అప్పటికప్పుడు ఏదో ఒక మార్పు చెబుతుంది, ఆ మార్పు చేసి మళ్ళీ నడిపించాలి. అది కుదిరితే పని ఇస్తారు. కుదరకపోతే షాలోమికి మళ్ళీ వేసవి దాకా తోట పనులే, వేసవిలో కాటా తూకాలే.

యాప్ రాయడానికి ముందు పనిముట్లు కావాలి. ప్రోగ్రామ్ రాసే ఎడిటర్, రాసినదాన్ని యాప్‌గా మార్చేవి, కంప్యూటర్ తెర మీదే ఒక ఫోన్‌ను చూపించి అందులో యాప్‌ను నడిపేది, వీటన్నిటికీ తోడుగా బోలెడన్ని ఫైళ్ళు. అవన్నీ ఉచితంగా దొరికేవే. కానీ చాలా చోటు తింటాయి. ఇన్‌స్టాల్ మొదలుపెట్టగానే తెర మీద ఒక పెట్టె కనిపించి, వీటిని ఎక్కడ పెట్టమంటారు అని అడిగింది.

షాలోమి ఆ పెట్టె ముందు చాలాసేపు కూర్చుండిపోయింది.

ఆ కంప్యూటర్ లోపల రెండు గదులున్నాయనుకోవచ్చు. ఒకటి సి డ్రైవ్, రెండోది డి డ్రైవ్. సి చిన్నది. అందులో విండోస్, షెడ్డు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఉంటాయి. ప్రతి ఏటా సీజన్ మొదలయ్యే ముందు మెకానిక్ రత్నబాబు వచ్చి సి మొత్తం తుడిచేసి మళ్ళీ కొత్తగా ఎక్కిస్తాడు. అలా చేస్తేనే సీజన్ మధ్యలో మొరాయించదని అతని నమ్మకం. అందులో పెట్టింది ఏదైనా అతని చేతిలో పోవలసిందే. పైగా అక్కడ ఏం పెట్టాలన్నా అడిగే పాస్‌వర్డ్ అతని దగ్గరే ఉంది. ఇక డి పెద్దది, వేగంగానే పనిచేస్తుంది, ఎవరూ తుడవరు. కానీ అది దుర్గాప్రసాద్ గారి గది. ఆయన కూతురి పెళ్ళి వీడియోలు, లారీల ఫొటోలు, పాత సీజన్ల వివరాలు అన్నీ అందులోనే. షాలోమి తూకాలు ఎక్కించే రోజుల్లో కూడా ఆ డ్రైవ్‌ను ఎప్పుడూ తెరిచి చూసింది కాదు.

ఆమెకు ఆ క్షణంలో తోటలో పాక గుర్తొచ్చింది. సలోమోను కావలి పాకను ఎన్నడూ చెట్టు నీడన వేయడు. తోటలో అంత నీడ ఉండగా, మొక్క చచ్చి ఖాళీగా మిగిలిన చోటు ఎక్కడో వెతికి నడి ఎండలో వేస్తాడు. చిన్నప్పుడు కాళ్ళు కాలుతూ నీళ్ళ బిందె మోసుకొచ్చి, ఇదేం ఖర్మ అని షాలోమి అడిగితే ఆయన చెప్పాడు. నీడన పాక వేస్తే గాలికి రాలిన కాయ పాక చుట్టూ పడుతుంది. ఆసామి అటుగా వచ్చి చూస్తే, అది రాలిందా మనం దులిపామా అన్న అనుమానం ఆయనకు రావచ్చు. అనుమానం రాకపోయినా, వచ్చిందేమో అని మనకు ఉంటుంది. ఎండలో ఉంటే ఆ గొడవే లేదు.

షాలోమి కూడా ఎండలోనే పాక వేసుకుంది. నూజివీడులో చదువుకునే రోజుల్లో స్నేహితురాలైన యశస్విని దగ్గర పాత ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ ఒకటి వాడకుండా పడివుంటే అడిగి తెచ్చుకుంది. వైరుతో కంప్యూటర్‌కు తగిలించుకునే డబ్బా అది. తగిలిస్తే ఇ డ్రైవ్ అని కొత్త గది కనిపించింది. పనిముట్లన్నీ అందులో పెట్టింది. ఏ పనిముట్టు ఎక్కడుందో మిగతావాటికి తెలిసేలా ఆ దారులన్నీ ఇ పేరుతోనే రాసుకుంది. సాయంత్రం వైరు ఊడదీసి డబ్బాను సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చుకునేది. దుర్గాప్రసాద్ గారి కంప్యూటర్‌లో ఆమెది అంటూ గింజంత కూడా మిగిలేది కాదు.

“ఆ డబ్బానేంటే చంటిపిల్లను మోసినట్టు మోస్తావు?” అంది రిబ్కమ్మ ఒకరోజు. “పడుకునేటప్పుడు కూడా తలగడ పక్కనే. జోల పాడతావా?”

“పాడితే వేగంగా నడుస్తుందంటే పాడతానమ్మా.”

నిజంగానే అది బహు నెమ్మది. ఒకసారి నడిపించు అని నొక్కితే యాప్ తెర మీదకు వచ్చేలోపు షాలోమి బయటికెళ్ళి మొహం కడుక్కుని రావచ్చు. అయినా విసుక్కోలేదు. ఆలస్యం తన సొంతం అనుకుంది. పిందె కట్టే రోజులవి. తండ్రీ తల్లీ తోటలో పాకకు మారిపోయారు. షాలోమి పొద్దున్నే పాకలో అన్నం పెట్టించుకుని షెడ్డుకు వచ్చి, పొద్దు వాలేదాకా రాసి, మళ్ళీ పాకకు వెళ్ళేది. యాప్ పూర్తయింది. వ్యాను బొమ్మ ఒక్కో స్టాపు దాటుతుంటే చిన్నగా గంట మోగేలా కూడా చేసింది. అది శకుంతల అడగని ముచ్చట.

వీడియో కాల్ రోజు షాలోమి కాస్త ముందే వచ్చి డబ్బా తగిలించి, ఎడిటర్ తెరిచి, రాసినదంతా ఒకసారి చదువుకుంది. నడిపించి మాత్రం చూడలేదు. ముందురోజు సాయంత్రం బాగానే నడిచింది కదా అనుకుంది. కాల్ మొదలైంది. శకుంతల మంచిచెడ్డలు అడిగి, “చూపించండి షాలోమి గారూ” అంది. షాలోమి తన తెరను ఆమెకు కనిపించేలా పెట్టి నొక్కింది.

తెర నిండా ఎర్ర అక్షరాలు వచ్చాయి. పనిముట్లు ఉండవలసిన చోట లేవని వాటి సారాంశం. మళ్ళీ నొక్కింది. మళ్ళీ అవే. డబ్బా మీద దీపం వెలుగుతూనే ఉంది, లోపల అన్నీ ఉన్నాయి, అయినా లేవంటోంది. అప్పుడు డ్రైవ్‌ల వరుస తెరిచి చూస్తే, ఇ అన్న పేరు కింద పాటలున్నాయి. వందలకొద్దీ పాత పాటలు. ఆమె డబ్బా ఎఫ్ అయి కూర్చుంది.

కంప్యూటర్ వెనకవైపు చూసింది. చిన్న పెన్ డ్రైవ్ ఒకటి గుచ్చి ఉంది. ముందురోజు ఆమె వెళ్ళిపోయాక దుర్గాప్రసాద్ గారు కాసేపు గదిలో కూర్చుని పాటలు విని ఉంటారు. ఆ సమయంలో డబ్బా లేదు కాబట్టి ఖాళీగా ఉన్న ఇ పేరు పెన్ డ్రైవ్‌కు వెళ్ళింది. పొద్దున డబ్బా వచ్చేసరికి దాని పేరు ఇంకొకరిదైపోయింది.

షాలోమి ఉన్నదున్నట్టు చెప్పింది. శకుంతల శ్రద్ధగా విని, “డి డ్రైవ్ లేదా?” అని అడిగింది.

“ఉంది మేడం.”

“నిండిపోయిందా?”

“తెలియదు మేడం. కంప్యూటర్ నాది కాదు. మా నాన్నగారు కౌలు చేసే తోట వాళ్ళది.”

శకుంతల గొంతులో కోపం ఏమీ లేదు. “చూడండి, కారణం మీరే కనిపెట్టారు. బాగుంది. ఇప్పుడు ఆ పెన్ డ్రైవ్ తీసేస్తే ఇది నడుస్తుందనీ నాకు తెలుసు. నాకు కావలసింది అది కాదండి. మా దగ్గర పనంటే రోజూ ఉంటుంది. ఎవరో పాటలు విన్నారనో, ఎవరో వైరు కదిలించారనో ఆగిపోకూడదు. మీ పనిముట్లకు కదలని చోటు ఒకటి చూసుకోండి. రేపు ఇదే టైముకు మళ్ళీ మాట్లాడదాం.”

కాల్ ముగిసింది. షాలోమి పెన్ డ్రైవ్‌ను ముట్టుకోలేదు. కంప్యూటర్ కట్టేసి రత్నబాబుకు ఫోన్ చేసింది. చాట్రాయి వైపు ఎక్కడో సీసీ కెమెరాలు బిగిస్తున్నాడతను. అతనికి డబ్బా సంగతంతా చెప్పింది.

“డబ్బాకు ఇ పేరే ఖాయం చేసెయ్యొచ్చు కదన్నా, దానికి పాస్‌వర్డ్ కావాలి” అంది.

“డబ్బా ఎందుకు షాలోమీ, ఆ పాత వైరు రేపో మాపో ఎలాగూ చస్తుంది. డిలో పడేసెయ్. అది నేను తుడవను.”

“అది ప్రసాద్ గారిది.”

“ఆయన డి తెరిచి చూసింది ఎప్పుడు? ఆయనకి పాటలు, బిల్లులు తప్ప ఇంకేం తెలుసు? నేను పెట్టినవన్నీ ఆయన్ని అడిగే పెట్టానా ఏంటి? ఒక మూల పెట్టుకో. అక్కడ ఓ ఫోల్డర్ ఎక్కువుందని ఆయన జన్మలో కనిపెట్టడు.”

అది నిజమే. పొద్దు వాలేలోపు ఎవరికీ తెలియకుండా అన్నీ డిలోకి చేరిపోతాయి. రేపు నొక్కితే నడుస్తుంది. మాటలు ఏమీ అక్కర్లేదు. షాలోమి “ఉంటాను అన్నా” అని పెట్టేసింది. తెలియకుండా పెట్టినది ఎప్పటికీ తెలియకుండానే ఉండాలి. రోజూ దాని మీద కూర్చుని పనిచేయాలి. రేపు శకుంతల కదలని చోటేనా అని అడిగితే అవునని ఎలా చెప్పగలదు?

తాళం వేసి తోటకు నడిచింది.

తోటలో తేనెమంచు పురుగుకు మందు కొట్టిస్తున్నారు. దుర్గాప్రసాద్ గారు గాలికి ఎదురుగా లేకుండా గట్టు మీద మోటార్ సైకిల్‌కు ఆనుకుని నిలబడ్డారు. సలోమోను లోపల మందు ఇంజను దగ్గర ఉన్నాడు. ఈ వేళప్పుడు షెడ్డులో ఉండవలసిన పిల్ల ఇటు వస్తుంటే దుర్గాప్రసాద్ గారికి ఆశ్చర్యమైంది.

“ఏంటమ్మాయ్, కరెంటు పోయిందా?”

“లేదండి. మిమ్మల్ని ఒకటి అడగాలండి.” దారి పొడుగునా కూడబలుక్కున్నది అంతా మరిచిపోయింది. “మీ కంప్యూటర్‌లో నాకు కాస్త చోటు కావాలండి.”

“చోటేంటి? మొత్తం నీ చేతుల్లోనే ఉందిగా.”

షాలోమి మొదటినుంచీ చెప్పింది. సి ఎందుకు పనికిరాదో, డి ఎందుకు ముట్టుకోలేదో, డబ్బా సంగతి, పొద్దున జరిగినది. పెన్ డ్రైవ్ దగ్గరికి వచ్చేసరికి మాట కొంచెం తడబడింది. ఆయన తప్పు ఎత్తిచూపినట్టు ఉంటుందేమోనని.

“అంటే నా పాటలు నీ పరీక్ష పోగొట్టాయంటావ్.”

“లేదండి, నేనే…”

“ఆగాగు. ఆ గదిలో ఎన్నాళ్ళనుంచి కూర్చుంటున్నావు నువ్వు? ఆ డబ్బా మోయడం కూడా చూస్తూనే ఉన్నాను. ఏదో మీ చదువులో అలాగే ఉంటుందేమో అనుకున్నాను. డి డ్రైవ్ వాడుకోవద్దని నేనెప్పుడైనా అన్నానా?”

“అనలేదండి. మా నాన్న పాక నీడన వెయ్యరు కదండి. అలాగే…”

దుర్గాప్రసాద్ గారు మోటార్ సైకిల్‌ను వదిలి నిటారుగా నిలబడ్డారు. ఆయనకు నవ్వు వచ్చిందో మనసుకు కష్టమే కలిగిందో షాలోమికి తెలియలేదు.

“మీ నాన్న సంగతి నాకు చెబుతున్నావా? కౌలు మాట అయిన రోజే నన్ను చెట్టుచెట్టుకూ తిప్పుతాడు. తిప్పి, బాబుగారూ పాక ఎక్కడ వేసుకోమంటారు అని అడుగుతాడు. ఆ పెద్ద రసం చెట్టు కింద వేసుకోవయ్యా, చల్లగా ఉంటుంది, పెళ్ళాం పిల్లలున్నారు అంటాను. వద్దండి, ఆ ఖాళీలో వేసుకుంటానంటాడు. సరే నీ ఇష్టం అంటాను. ఏటా ఇదే పాట. ఇద్దరికీ నోటికొచ్చు. అయినా అడగకుండా ఒక్క గుంజ పాతడు. అడిగి వద్దనుకున్నాడతను. నువ్వు అడగనేలేదు. అడక్కుండా ఎండలో కూర్చుంటే, నేను నీడ ఇవ్వనివాణ్ణని నువ్వే తీర్మానించేసినట్టు కాదూ?”

పాక లేచాకే షాలోమి తోటకు వచ్చేది ఎప్పుడూ. అంతకుముందు ఇద్దరు మగవాళ్ళు చెట్లమధ్య నడిచిన నడక ఆమె చూసింది కాదు. తండ్రి ఎన్నడూ చెప్పలేదు. చెప్పవలసిన సంగతి అని ఆయనకు తోచి ఉండదు. అడగడంలో చిన్నతనం ఉందని, అడగకపోవడమే మర్యాద అని తనకు తానే అనుకుంది. ఆ మర్యాద అవతలివాడికి ఎలా తగులుతుందో ఆలోచించలేదు.

“తప్పేనండి” అంది.

“తప్పూ లేదు, ఒప్పూ లేదు. పద. నన్నూ తిప్పు.”

“ఎక్కడికండి?”

“డి డ్రైవ్‌లోకి. చోటు చూపించాలంటే ముందు నేను చూడొద్దూ?”

లోపలినుంచి సలోమోను చేతులు కడుక్కుంటూ వచ్చేసరికి ఇద్దరూ బండెక్కుతున్నారు. “ఏమైందమ్మా?” అన్నాడు కంగారుగా.

“నీ కూతురు పాక వేసుకుంటుందట సలోమోను. చోటు చూపించి వస్తా” అన్నారు దుర్గాప్రసాద్ గారు.

గదిలో ఆయన మెత్తటి కుర్చీలో కూర్చోలేదు. దాన్ని కంప్యూటర్ ముందుకు లాగి, “నడిపేది నువ్వు కాబట్టి నువ్వే కూర్చో” అని తాను ప్లాస్టిక్ కుర్చీ తీసుకున్నారు. షాలోమి అంచున కూర్చుని డి తెరిచింది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని తెరకు దగ్గరగా వంగారు.

మొదటి ఫోల్డర్ పేరు బ్యాకప్. రెండోది కొత్త బ్యాకప్. తర్వాత ఫైనల్ బ్యాకప్. ఆ తర్వాత ఫైనల్ బ్యాకప్ అసలుది. ఒక్కోదాంట్లోనూ ఆయన కూతురి పెళ్ళి వీడియో మొత్తం ఉంది. రత్నబాబు ఏటా సి తుడిచే ముందు జాగ్రత్త కోసమని ఉన్నవాటినన్నిటినీ మరోసారి డిలో దించి, కొత్త పేరు పెట్టి వెళ్ళిపోయాడు.

“ఒక్కగానొక్క పెళ్ళి చేశాను కదా” అన్నారు దుర్గాప్రసాద్ గారు. “ఇన్నిసార్లు ఎప్పుడు జరిగింది?”

షాలోమికి నవ్వు ఆగలేదు. ఆయనా నవ్వారు. తర్వాత రత్నబాబుకు ఫోన్ చేశారు. “ఏమయ్యా, మా అమ్మాయికి నువ్వు ఎన్ని పెళ్ళిళ్ళు చేశావు?” అని మొదలుపెట్టి, ఏది ఉంచాలో ఏది తీసేయవచ్చో అతని నోటితోనే చెప్పించారు. షాలోమి తొందరపడలేదు. నాలుగు ఫోల్డర్లలోవీ ఒక్కటేనా కాదా అని పోల్చి చూసింది. ఉంచవలసినదాన్ని తెరిచి ఆయనకు చూపించింది. అల్లుడి కాళ్ళు కడిగే ఘట్టం రాగానే ఆయన కళ్ళజోడు సరిచేసుకుని అది ముగిసేదాకా చూశారు. “అది ఉంటే చాలు. మిగతావి తీసెయ్” అన్నారు. తీసేసే ప్రతిసారీ ఆయన్ని అడిగి, ఆయన ఊఁ అన్నాకే నొక్కింది.

అంతా అయ్యాక డి డ్రైవ్‌లో ఓ పెద్ద ఖాళీ తేలింది.

“ఎక్కడ పెట్టుకోమంటారండి?” అంది షాలోమి.

ఆయన వేలితో తెర మీద చూపించారు, బ్యాకప్ ఫోల్డర్ కింద ఖాళీగా ఉన్న చోటు. అక్కడ వేలు పెట్టడానికి, కంప్యూటర్ లోపల ఫైళ్ళు నిలిచే చోటుకు ఏ సంబంధమూ లేదని షాలోమికి తెలుసు. ఆ సంగతి చెప్పలేదు. సరిగ్గా అక్కడే కొత్త ఫోల్డర్ తెరిచి దానికి తన పేరు పెట్టింది.

డబ్బాలోనుంచి పనిముట్లు ఒక్కొక్కటిగా డిలోకి చేరాయి. ఇ అని రాసుకున్న దారులన్నీ వెతికి డి అని మార్చింది. అది ఓపికతో చేయవలసిన పని. ఒక్కటి మరిచినా మళ్ళీ ఎర్ర అక్షరాలే. దుర్గాప్రసాద్ గారు మధ్యలో లేచి వెళ్ళి రెండు టీలు తెచ్చి, ఒకటి ఆమె ముందు పెట్టి తోటకు వెళ్ళిపోయారు. పొద్దు వాలేవేళకు ఆమె నడిపించు అని నొక్కి అలవాటుగా లేవబోయింది. లేచేలోపే తెర మీద వ్యాను కదిలింది. కూర్చుండిపోయి, అది చివరి స్టాపు చేరేదాకా చూసింది.

ఆ సాయంత్రం పాకలో సలోమోను అన్నం తింటూ అడిగాడు. “బాబుగారు కసురుకున్నారా?”

“లేదు నాన్నా. నువ్వు ఆయన్ని చోటు అడుగుతావంట కదా. నాకెప్పుడూ చెప్పలేదేం?”

“అడగకుండా ఎలా వేస్తాననుకున్నావు?” అన్నాడు సలోమోను. ఇందులో చెప్పడానికేముందో ఆయనకు నిజంగానే అర్థం కాలేదు. రిబ్కమ్మ ఆయన కంచంలో పప్పు వేస్తూ, “ఆ డబ్బా ఏదే? ఒట్టి చేతులతో వచ్చావు” అంది.

“షెడ్డులోనే ఉందమ్మా. రేపు యశస్వినికి ఇచ్చేస్తాను.”

మర్నాడు శకుంతల ముందు యాప్ మొదటిసారికే నడిచింది. గంట మోగితే ఆమె తల ఊపింది. “ఇంట్లో నానమ్మలు కూడా చూస్తారు కదా. స్టాపు పేరు పెద్ద అక్షరాల్లో రావాలి, వ్యాను ఆలస్యమైతే రంగు మారాలి. చేయగలరా?” అంది. షాలోమి చేసింది. ఒకచోట తప్పు పడింది. శకుంతల చెప్పేలోపే చూసుకుని దిద్దుకుంది. మళ్ళీ నొక్కింది. పెద్ద అక్షరాలు వచ్చాయి, రంగు మారింది.

“ఎక్కడ పెట్టారు ఇవాళ?”

“డిలో మేడం. అడిగి పెట్టాను.”

“మంచిది. మొదట సగం రోజు పని ఇస్తాం. నాకు ఒక్క సంగతి తేల్చి చెప్పండి. ఆ కంప్యూటర్ తోట వాళ్ళదన్నారు కదా, ఎండాకాలం వస్తే దానికి వాళ్ళ పని ఉంటుంది. అప్పుడు మీరు ఏ వేళల్లో పనిచేయగలరు?”

“ఇవాళే మాట్లాడి చెబుతాను మేడం.”

దుర్గాప్రసాద్ గారు షెడ్డు బయట కాటా పక్కన కూర్చుని పేపర్ చదువుతున్నారు. కాల్ నడుస్తున్నంతసేపూ అటుగా వచ్చిన ఇద్దరు ముగ్గుర్ని ఆయన చేత్తోనే వెనక్కి పంపేశారు. షాలోమి బయటికి వచ్చి నిలబడింది.

“ఇచ్చారండి. సగం రోజు పని.”

“మరింకేం. మీ నాన్నకి చెప్పావా?”

“ముందు మీతో ఒకటి మాట్లాడాలండి. సీజన్‌లో మీకు కంప్యూటర్ కావాలి కదండి. పొద్దున ఆరింటికి వచ్చి తొమ్మిదింటికి లేచిపోతాను. మళ్ళీ సాయంత్రం తూకాలు అయ్యాక కూర్చుంటాను. పగలంతా మీ తూకాలు నేనే ఎక్కిస్తాను, ఎప్పటిలాగే.”

ఆయన పేపర్ మడిచారు. “తొమ్మిదిన్నర దాకా కాయ రాదు. తొమ్మిదికే ఎందుకు లేవడం?”

“కాయ ముందే వస్తే, తూకం ఎక్కించేదాకా లారీ ఆగిపోతుందండి.”

“ఆగనీ. డ్రైవర్లు టీ తాగుతారు” అన్నారు దుర్గాప్రసాద్ గారు. “తొమ్మిదిన్నర అని చెప్పు ఆవిడకి.”

షాలోమి లోపలికి వెళ్ళి శకుంతలకు ఫోన్ చేసింది.